అన్నీ తెల్ల ముక్కలే కదా

మీరే చేశారు. డైరెక్టర్ క్రాంతికుమార్ గారూ, దూది ముక్కలని కెమెరాలో తెలిసిపోతుందని మొండికేసింది మీరు. ఈ ల్యాబు చూసుకునే వెంకటరామయ్య గారూ, డీప్ ఫ్రీజర్ తాళంచెవి జేబులోంచి తీసి నవ్వుతూ ఇచ్చింది మీరు. షూటింగుకి ఇచ్చింది కింది హాలు ఒక్కటేనని ఇవాళ పైన కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులకు చెబుతున్నదీ మీరే. ఒక ఆడపిల్ల మూడేళ్ల పనిని ఇద్దరూ కలిసి ఒక్క మధ్యాహ్నంలో నాశనం చేసి, ఆ పాపం ఆమె నెత్తినే పెట్టి, దాని మీద కమిటీ కూడా వేశారు. సిగ్గుందా మీకు? అని అడగాలి. గల్లా పట్టుకుని అడగాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా కృష్ణానగర్ సందుల్లో, ఫిలింనగర్ ఆఫీసుల ముందు ఇలాంటి ప్రశ్నలు అడిగే బతికాను, గొంతు ఎప్పుడూ వణకలేదు. ఇవాళ ఈ పోర్టికోలో నల్లరాతి అరుగు మీద కూర్చుంటే ఆ ప్రశ్న అడగలేకపోతున్నాను. ఎందుకంటే ఆ ట్యూబుల మీది చీటీలు పీకిన వేళ్లు ఇవిగో, నా మోకాళ్ల మీదే ఉన్నాయి. పదింటికి పదీ ఉన్నాయి. ఒకదాని గోటి కింద ఇప్పటికీ నల్ల సిరా.

పదకొండు దాటింది. జూబ్లీహిల్స్‌లో ఎండ కూడా గేటు దగ్గర పేరు రాసి లోపలికి వచ్చినట్టే వస్తుంది, మెల్లగా, కాగితం పూల తీగ మీంచి కారు బానెట్ మీదికి, అక్కడి నుంచి నా చెప్పుల మీదికి. ఈ బంగళా సగం ల్యాబు, సగం షూటింగు. ఈ కొండ మీద చాలా ఇళ్లు అంతే, పొద్దున హీరోయిన్ తండ్రి ఇల్లు, సాయంత్రానికి విలన్ ఇల్లు, సోఫా కవర్లు మారిస్తే చాలు. ఆ గేటు పక్క గోడకి నేను రాసి తగిలించిన నేమ్‌ప్లేట్లే ఏడో ఎనిమిదో. జడ్జి గారు ఒకసారి, గుండె డాక్టరు ఒకసారి, మంత్రి రెండుసార్లు. అదే నా పని. సినిమాలో మీరు చూసే పోలీసు స్టేషన్ బోర్డు, పెళ్లి శుభలేఖ, తల్లి చనిపోతూ రాసిన ఉత్తరం, డాక్టరు చీటీ, జైలు రిజిస్టరు, అన్నీ నా చేతి రాతే. వెంకటనర్సయ్య, ఆర్ట్ డిపార్ట్‌మెంట్, లెటరింగ్. ఏడో తరగతితో బడి మానేసి, గోడల మీద సినిమా పేర్లు చూసి దిద్దుకుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. చదువుకున్న వాళ్లంటే నాకు మొదటి నుంచీ అనుమానమే, మన కష్టం మీద వాళ్ల సంతకం ఉంటుంది కాబట్టి. కానీ ఈ పైన ల్యాబులో పనిచేసే ఆ పిల్లది నాలాంటి కష్టమే అని మొదటి రోజే తెలిసింది. తెలిసి కూడా చేశాను. అది రాసుకోండి ముందు.

ఇందాకే వచ్చింది బయటికి. సీతామహాలక్ష్మి. ఇరవై ఏడేళ్లుంటాయి, సన్నగా, చేతిలో ఫైలు, భుజం మీద సంచి, ఆ సంచిలోంచి నీళ్ల సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఎండలో కూర్చున్నారేంటండీ బాబాయ్ గారూ, లోపలికి రండి, ఏసీ ఉంది" అంది. వద్దన్నాను. ఆ ఏసీ గాలి నాకు పడదన్నాను. ఆమె నా పక్కనే అరుగు మీద కూర్చుంది, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ. "మీరొక్కరే వచ్చారండీ. మా గైడు ఫోన్ ఎత్తడం లేదు. హాస్టల్లో అమ్మాయిలు వస్తామన్నారు, వాళ్లకీ డ్యూటీలు. మీరు వస్తారని నేననుకోలేదు." నేనేం అన్నానో తెలుసా? "మా యూనియన్ల ఆడపిల్లకు కష్టమొస్తె రానా బిడ్డా" అన్నాను. ఆ మాట అంటుంటే నా నాలుక నాకే పరాయిదిలా తగిలింది. ఆమె నవ్వింది. "నేను మీ యూనియన్ కాదు కదండీ." "ఇప్పట్నుంచి అనుకో" అన్నాను. ఛీ. పన్నెండింటికి పిలుస్తారట. అప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాలట, నమూనాలు తారుమారు కావడం నా అజాగ్రత్త వల్లే అని. సంతకం పెడితే పోలీసు కేసు ఉండదట, ఉద్యోగం ఉండదు, మూడేళ్ల పరిశోధన ఉండదు, ఇంకే ల్యాబూ గడప తొక్కనివ్వదు. "అయినా పెట్టేస్తానండీ. నా చేతిలోనే ఉన్న పెట్టె కదా, నేను కాకపోతే ఎవరు?" అని లేచి లోపలికి వెళ్లింది. నీళ్ల సీసా నా చేతిలోనే ఉంది. తాగలేదు. తాగే హక్కు నాకు లేదు.

షూటింగ్ మొదటి రోజు పొద్దున. హీరో మంచుఖండం నుంచి తిరిగొచ్చిన శాస్త్రవేత్త అట, ఇక్కడ ల్యాబులో ఏదో కనిపెట్టేస్తాడట, అతని వెనక నల్లబోర్డు నిండా ఏదో ఒకటి రాసి ఉండాలట. అసిస్టెంట్ ఇచ్చిన కాగితంలో ఇంగ్లీషు అక్షరాలు నాలుగే నాలుగు, ఏ, టీ, జీ, సీ. ఎలా కావాలంటే అలా కలిపి రాసుకో నర్సన్నా, ఎవడు చదువుతాడు అన్నాడు. నిచ్చెన ఎక్కి రాస్తున్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "మీరు రాసిన చేప ఏ సముద్రంలోనూ లేదండీ." తిరిగి చూస్తే ఈ పిల్ల. నాకు కోపం వచ్చింది. "సముద్రం మా డైరెక్టర్‌ను అడుగు బిడ్డా, నాకు సుద్దముక్క ఇచ్చిండ్రు, గీకుతున్న" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "మీ అక్షరాలు మాత్రం ఎంత బావున్నాయో. తప్పు చేపకి ఇంత మంచి అక్షరాలు ఎందుకండీ, అసలు చేపవి ఇస్తాను ఉండండి" అని లోపలికి పోయి ఒక కాగితం పట్టుకొచ్చింది. ఆరువందల యాభై అక్షరాలు. రెండు గంటలు రాశాను. ఆమె కింద నిలబడి చదువుతూ ఉంటే నేను రాశాను, మధ్యలో ఒకచోట సీ బదులు జీ వేస్తే ఆపి దిద్దించింది. నా జన్మలో నా రాతను దిద్దించిన మొదటి మనిషి. మా పంతులు కూడా కొట్టాడు గానీ దిద్దించలేదు.

చెప్పింది అప్పుడే. కిరాణా కొట్లో సబ్బు మీద గీతలుంటాయి చూడండి, మిషన్ కింద పెడితే పేరూ ధరా చెప్పేస్తుంది, అలాగే ప్రతి చేప లోపలా అలాంటి ముక్క ఒకటి ఉంటుందండీ, ఆ ముక్కలో అక్షరాల వరస ఒక జాతికి ఒకలాగా, ఇంకో జాతికి ఇంకోలాగా ఉంటుంది, దాన్ని చదివితే చాలు, చేప మొహం చూడక్కర్లేదు. దక్షిణ ధ్రువం దగ్గర మంచుసముద్రంలోకి ఓడలో వెళ్లిన వాళ్లు పట్టి స్పిరిట్‌లో వేసి తెచ్చిన ముక్కలు ఆమె దగ్గర డబ్బాల్లో ఉన్నాయి. తోక ముక్క, రెక్క ముక్క, వేలిగోరంత పిల్ల చేప. ఆ ఓడ మళ్లీ అక్కడికే ఎప్పుడు పోతుందో తెలియదట. "మా అమ్మ ఉప్పాడ రేవులో చేపలమ్ముద్దండీ. మొప్ప ఎత్తి చూసి చందువా ఎప్పుడు పడిందో, ఏ వలలో పడిందో కూడా చెప్పేస్తది. చేప పేరు చెప్పడానికి ఇన్నేళ్లు చదవాలంటే అని నన్ను ఎగతాళి చేస్తది. అమ్మకేం తెలుసు, ఇవి స్పిరిట్‌లో నానాక తల్లీ పిల్లా అన్నీ ఒకటే తెలుపు. కంటికి ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకటి కాదు కదండీ బాబాయ్ గారూ." ఏ చేప పిల్ల ఏ నీళ్లలో పెరుగుతోందో తెలిస్తేనే ఎక్కడ వల వేయకూడదో చెప్పగలరట, లేకపోతే పెద్ద ఓడలు పోయి గుడ్డిగా ఊడ్చుకొస్తాయట. ఊడ్చడం అన్న మాట నాకు నచ్చింది. పెద్దోడు ఊడుస్తాడు, చిన్నోడు మాయమవుతాడు, ఇది నాకు తెలిసిన కథే కదా అనుకున్నాను. దీన్ని నా ఉపన్యాసంలో వాడాలి అనుకున్నాను కూడా. ఉపన్యాసం. నీ మొహం.

ఆ మధ్యాహ్నమే. అదే రోజు, అదే చేతులు. ఆమె పాపం ముందుచూపుతో ఖాళీ ట్యూబుల్లో దూది చిన్న చిన్న ముక్కలు వేసి, నీళ్లు పోసి, రాక్‌లో పెట్టి ఇచ్చింది, ఇవి వాడుకోండి, అసలువి ముట్టకండి అని. క్రాంతికుమార్ మానిటర్‌లో చూసి, "ఏంటిది, దూది అని తెలిసిపోతోంది, టైట్ క్లోజప్‌లో పెట్టుకుని నవ్వులపాలు అవుదామా? అసలువి తెప్పించండి" అన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోదు సార్ అన్నారెవరో. "అమ్మాయిని భోజనానికి పంపండయ్యా." ఆ రోజు ప్రొడక్షన్ భోజనంలో చేపల పులుసు. మా ఊరి పులుసులా ఉందా అని ఆశగా వెళ్లింది. వెంకటరామయ్య గారు తాళం తీశారు. పెట్టె బయటికి వచ్చింది. ఇరవై నాలుగు ట్యూబులు గాజు స్టాండులో పెట్టారు. ఒక్కో దాని మీద చేప పేరు, పట్టిన చోటు పెన్సిల్‌తో రాసిన చీటీ, సన్నగా, వెలిసిపోయినట్టు. స్పిరిట్ చుక్క పడితే ఏ సిరా అయినా కరిగిపోతుంది, పెన్సిల్ రాత పోదు, అందుకే పెన్సిల్ అని ఆమె పొద్దునే చెప్పింది. కెమెరాకి పెన్సిల్ కనపడదు. "నర్సన్నా, నీ స్టయిల్లో నల్లగా రాసి అతికించు. పాతవి మళ్లీ పెట్టేద్దువుగాని, కంటిన్యుటీ నీకు కొత్తా?" కొత్త కాదు. ఏ వస్తువైనా ముట్టుకునే ముందు ఫోటో తీసుకోవడం, పని అయ్యాక ఆ ఫోటో చూసి ఉన్నది ఉన్నట్టు పెట్టేయడం, ఇది మాకు అన్నం తినడం లాంటిది. ఫోటో తీశాను. బ్లేడుతో చీటీలు లేపి, ఒక అద్దం పలక మీద ఎడమ నుంచి కుడికి వరసగా అంటించాను. కొత్తవి రాసి ట్యూబులకు పెట్టాను. ఎంత బాగా వచ్చాయో అని నేనే మురిసిపోయాను.

అప్పుడు కెమెరామాన్ వచ్చి ట్యూబులు జరిపాడు. చిన్న ముక్కలు అంచులకు, పెద్దవి మధ్యలోకి, చంద్రవంకలా రావాలని. నేను చూశాను. నేను చూడలేదని ఎవడికైనా చెప్పగలను గానీ నాకు చెప్పుకోలేను. పక్కనే నిలబడి, చలిపొగ కోసం గిన్నెలో డ్రై ఐస్ గడ్డ కదుపుతూ చూశాను. షాట్ అయింది. ఆ పిల్ల పులుసు తిని వచ్చేస్తుంది తొందరగా కానీ అన్నారు. ఫోన్ తీసి ఆ ఫోటో చూడాలి కదా? చూడలేదు. అద్దం పలక మీద చీటీలు వరసలోనే ఉన్నాయి కదా, నా నల్ల చీటీలు పీకేసి ఎడమ నుంచి కుడికి అతికించుకుంటూ పోయాను. నేను ఈ లోకంలో ఏది చదివినా ఎడమ నుంచి కుడికే కదా. ఏడో ట్యూబు దగ్గర చెయ్యి ఆగింది. దాంట్లో ముక్కకి చివర చీలిక ఉంది, చిన్న కత్తెరలా. ఇది మొదట కుడి చివర ఉండేది. నాకు గుర్తొచ్చింది. స్పష్టంగా గుర్తొచ్చింది. "అయిందా నర్సన్నా?" అని కేక. ఆ ఒక్క క్షణం ఉంది చూడండి, అది నాలుగు నెలల నుంచి నన్ను రోజూ నిలబెట్టి అడుగుతోంది. నేను మనసులో ఏమనుకున్నానో అడుగుతోంది. అనుకున్నది ఇదే. అన్నీ తెల్ల ముక్కలే కదా. కంటికి ఒకేలా కనపడితే ఒకటే, మా సినిమాలో అంతే కదా, పంచదార నీళ్లు కన్నీళ్లు అయినట్టు, అట్ట గోడ జైలు అయినట్టు. పొద్దున ఆ పిల్ల నిలబెట్టి చెప్పిన మాటకు సరిగ్గా తిరగేసిన మాట. "అయింది సార్" అని అరిచాను.

గేటు దగ్గర సెక్యూరిటీ రేడియో పెట్టుకున్నాడు, ఏదో పాట, వెంటనే కట్టేశాడు, పైన మీటింగ్ అని గుర్తొచ్చి ఉంటుంది. ఎదురింటి కుక్కను ఒకమ్మాయి నడిపించుకుంటూ పోతోంది, కుక్క నన్ను చూసి ఆగింది, వాసన చూసింది, పోయింది. కుక్కకు కూడా తెలిసిపోయిందేమో. రెండు వారాల కింద ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ఫిలింనగర్‌లో టీ బండి దగ్గర, చుట్టూ ఆరుగురు మనవాళ్లు, షూటింగులో తప్పు జరిగితే కింది వాడి మీదికి తోసేస్తారు కామ్రేడ్, పైవాడు ఎప్పుడూ శుభ్రం అని చెబుతున్నాను, గ్లాసు చేతిలో ఊపుతూ. ఫోన్ ఎత్తితే ఆమె. "బాబాయ్ గారూ, ఒక మాట అడగనాండీ, తప్పుగా అనుకోకండి. మంచుచేపల రిపోర్టు వచ్చింది. ముక్క మీద రాసిన పేరు ఒకటి, లోపలి అక్షరాలు చెప్పేది ఇంకోటి. ఇరవై నాలుగింట్లో పంతొమ్మిది తేడా. ఓడ వాళ్లు చేపని పట్టుకుని ఫోటో తీసి మరీ పేరు రాశారు, వాళ్లు తప్పు కాదు. చీటీల వెనక చూస్తే బంక కొత్తగా ఉందండీ. ఆ రోజు షూటింగులో అసలు పెట్టె ఎవరైనా తీశారా?" ఆరుగురూ నా మొహంలోకి చూస్తున్నారు. "లేదు బిడ్డా" అన్నాను. "నేనాడ్నే ఉన్న. ఎవ్వలు ముట్టలే." "మీరు చెప్పారంటే అంతే లెండి. అయితే నేనే ఎప్పుడో మళ్లీ అతికించి మర్చిపోయుంటాను" అంది. విన్నారా? తన కళ్లతో చూసిన బంకని వదిలేసి నా మాట నమ్మింది. ఆ రోజు నుంచి తన తరఫున తాను వాదించుకోవడం మానేసింది. వెంకటరామయ్య గారి మీద అనుమానం వద్దని, వెంకటనర్సయ్య గారు అక్కడే ఉన్నారని, ఎవరూ ముట్టుకోలేదన్నారని కమిటీకి రాసి కూడా ఇచ్చిందట. ఇందాక ఈ అరుగు మీద కూర్చుని సంతోషంగా చెప్పింది. "మీ పేరే రాశానండీ సాక్షిగా. మీ మాటంటే ఎవరైనా నమ్ముతారు."

అవును, నమ్ముతారు. జగదీశ్ అని లైట్‌మన్ ఉండేవాడు, సెట్‌లో పైనుంచి పడి నడుము పోయింది, తాడు సరిగ్గా కట్టుకోలేదు వాడే అన్నారు, చిన్నోడు, ఇంకో పని దొరుకుతుందిలే అన్నారు. నేను ఆ ఆఫీసు ముందు మూడు రోజులు కూర్చున్నాను. తాడు ఇచ్చినోని పేరు చెప్పుండ్రి, అరిగిన తాడని తెలిసి ఇచ్చినోని పేరు చెప్పుండ్రి, పేరు లేకుండా తప్పు ఉండదు అని అరిచాను. చివరికి పేరు చెప్పారు. జగదీశ్ ఇప్పటికీ యూసుఫ్‌గూడలో కనపడితే కర్ర ఊతంతో లేచి నిలబడతాడు నా కోసం, కూర్చోరా అంటే కూర్చోడు. మొన్న వాడు లేస్తుంటే నేను సందు మలుపులోనే వెనక్కి తిరిగి వేరే దారిలో ఇంటికి పోయాను. తాడు ఇచ్చినోడు కనీసం ఏడ్చాడు. నేను ఏం చేశాను? అది చెప్పాలంటే ఇంకా సిగ్గు. ఆ పిల్ల ఫోన్ చేశాక క్రాంతికుమార్ ఎడిటింగ్ రూముకి పిలిపించాడు. ఏసీ, కాఫీ, భుజం మీద చెయ్యి. "నర్సన్నా, ఎన్ని సినిమాలు చేశావు? తెర మీద నీ పేరు ఒక్కసారి పడిందా?" పడలేదు. అందరి పేర్లూ రాసిచ్చాను, నాది ఎప్పుడూ ఆర్ట్ అసిస్టెంట్స్ అన్న గుంపులో కూడా లేదు. "ఈసారి నీకు సింగిల్ కార్డ్ వేయిస్తా, తెర మీద నీ పేరొక్కటే. లెటరింగ్, వెంకటనర్సయ్య. నీ అక్షరాల్తో నువ్వే రాసుకో. ఆ రోజు ఫోటోలు మాత్రం ఫోన్‌లో ఎందుకు చెప్పు, తీసేయ్." తీసేశాను. ఆయన ముందే తీసేశాను. ఇంటికొచ్చి నాలుగు రోజులు నా పేరు రాశాను. వెంకటలో సున్నా ఎలా ఉండాలి, ర్స కింద ఒత్తు ఎలా దిగాలి అని, కాగితాలు చించేస్తూ. ఒక ఆడపిల్ల తన పేరు పోగొట్టుకుంటున్న నాలుగు రోజుల్లో నేను నా పేరుకి నగిషీలు చెక్కుకున్నాను.

ఒక్క ఫోటో మాత్రం తీసేయలేదు. మొదటిది. చీటీలు పీకక ముందు తీసింది, ఇరవై నాలుగు ట్యూబులూ పక్కపక్కన, ఏ ముక్కకి ఏ చీటీయో స్పష్టంగా కనపడేట్టు. కత్తెర తోక ముక్క కుడి చివర, పెన్సిల్ అంకెలతో సహా. దాన్ని ముందే మా ఆవిడ బుచ్చమ్మ ఫోన్‌కి పంపి దాచాను. ఆ పిల్ల కోసం అనుకుంటున్నారా? కాదు. క్రాంతికుమార్ మాట తప్పి నా పేరు వేయకపోతే బెదిరించడానికి. నిజం చెబుతున్నాను, ఇంతకంటే నీచంగా చెప్పడం నాకు రాదు. ఆ ఫోటోలో ఉన్న ఒక చేపకి రక్తమే ఎర్రగా ఉండదట, నీళ్లలాగే ఉంటుందట, ఆ చలికి అదే చాలట, ఆ పిల్ల ఎంతో ఇష్టంగా చెప్పింది. ఆ చేప అదృష్టవంతురాలు, సిగ్గుపడ్డా మొహం ఎర్రబడదు. నాకు పొద్దున అద్దంలో మొహం చూసుకుంటే కాలినట్టు ఉంది. గడ్డం గీసుకుంటూ ఏదో గొణుక్కున్నాను. బుచ్చమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది, "ఏందయ్యా, పొద్దుగాల్నే అద్దంతోని మీటింగ్ పెట్టినవ్?" ఆమె నా చేతికి ఫోన్ ఇచ్చింది, ఆ ఫోటో తెరిచి. ఎప్పుడు చూసిందో, ఎంత అర్థమైందో. "ఊరందరి తప్పులు నీ నోట్లె ఉంటయ్. నీ తప్పొక్కటి నా ఫోన్ల దాసిపెడితివి. నాకెందుకయ్యా గీ బరువు? తీస్కపో." అంతే అంది. టీ కూడా పెట్టలేదు. ఆ ఫోన్ ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది, ఆమె ఫోన్, వెనక లక్ష్మీదేవి స్టిక్కర్‌తో.

గంట నుంచి లేవాలనుకుంటున్నాను. లేచే ప్రతిసారీ ఒక సాకు వచ్చి కూర్చోబెడుతోంది. క్రాంతికుమార్ రేపటి నుంచి నన్ను ఏ సెట్‌లోనూ అడుగు పెట్టనివ్వడు, సాకు. నేను చెప్పినా వెంకటరామయ్య గారు కాదంటారు, సాకు. యూనియన్ పరువు పోతుంది, నన్ను చూసి నిలబడ్డ వాళ్లందరి నడుములు విరుగుతాయి, ఇది పెద్ద సాకు, మంచి బట్టలు వేసుకున్న సాకు. ఆ పిల్ల చిన్నది, ఇంకో ఉద్యోగం దొరుకుతుందిలే అని ఒకటి, అది మాత్రం వచ్చిన మరుక్షణం నన్ను నేనే తన్నుకోవాలనిపించింది, ఎందుకంటే ఇది సరిగ్గా జగదీశ్ గురించి వాళ్లన్న మాట. ఇంతకీ ఈ సాకులన్నీ ఎవరివి? నేను జీవితమంతా తిట్టిన వాళ్లవే. వాళ్ల భాష నాకు ఇంత బాగా ఎప్పుడు వచ్చింది? ఇన్నేళ్లు వాళ్లెదురుగా నిలబడి అరిచానా, లేక నిలబడి నేర్చుకున్నానా?

పైనుంచి అటెండరు మెట్ల మీదికి వచ్చాడు. "సీతామహాలక్ష్మి గారు ఎవరండీ? రమ్మంటున్నారు." ఆమె హాల్లోంచి లేచింది. ఫైలు ఛాతీకి అదుముకుంది. నా వైపు చూసి తల ఊపింది, నాకు ధైర్యం చెబుతున్నట్టు. నాకు! పెన్ను ఉందా అని సంచిలో వెతుక్కుంటోంది, దొరకలేదు. నా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయని తెలుసు ఆమెకి. "బాబాయ్ గారూ, ఒక పెన్ను ఇస్తారా, సంతకానికి?" చెయ్యి చాపింది. ఆ చెయ్యి అలా చాపి ఉండగా నా కాళ్లు లేచాయి. నేను లేపలేదు, అవే లేచాయి. "ఇయ్య" అన్నాను. "పెన్ను ఇయ్య. నువ్ నా ఎనక రా." "మీరెక్కడికండీ?" అంటోంది. మెట్లు ఎక్కుతుంటే అటెండరు అడ్డం వచ్చాడు, మీరెవరు, మీకు పిలుపు లేదు అని. జరుగు అన్నాను, సాక్షి నేనే అన్నాను, నా పేరు వాళ్ల కాగితాల్లో ఉంది చూస్కో అన్నాను. తలుపు తోస్తే పొడుగు బల్ల, ముగ్గురు కొత్త మనుషులు, మధ్యలో ఒక ఆడ సైంటిస్టు కళ్లజోడు సర్దుకుంటూ, చివర్లో వెంకటరామయ్య గారు, నన్ను చూడగానే ఆయన మొహం మారిన తీరు. "నర్సన్నా, ఇది నీ చోటు కాదు" అన్నారాయన మెల్లగా. బల్ల మీద ఆ కాగితం ఉంది, సంతకం కోసం చుక్కల గీతతో. బుచ్చమ్మ ఫోన్ తీసి దాని మీద పెట్టాను, ఫోటో పైకి. గొంతు వణికింది. వణకనీ.

"అమ్మా, ఆ రోజు నేను ఎవ్వలు ముట్టలే అని చెప్పిన. అబద్ధం చెప్పిన. ముట్టినోణ్ణి నేనే. చీటీలు పీకినోణ్ణి, తప్పు ట్యూబులకు అంటించినోణ్ణి నేనే. తప్పు పడ్డదని ఏడో దాని కాడ నాకు ఎర్కయింది, ఎర్కయి అంటించిన." వెనక నుంచి ఆమె ఊపిరి ఒక్కసారి ఆగడం విన్నాను. తిరిగి చూడలేదు, చూసే మొహం లేదు. చూస్తే ఆగిపోతానని కూడా భయం. "తాళం తీసింది ఈ సారు, తియ్యమన్నది డైరెక్టరు, వాళ్ల సంగతి వాళ్లను అడుగుండ్రి, నా సంగతి నేను చెప్తున్న. ముందుగాల ఆ పిల్లకు కుర్చీ ఎయ్యుండ్రి, రెండు వారాల సంది నిలబెట్టిండ్రు. ఆ సంతకం కాగితం ఇప్పుడే చింపుండ్రి. ఇరవై నాలుగు ట్యూబులు బయటికి తీపియ్యుండ్రి, ఈ ఫోటో పక్కకు పెట్టి ఒక్కొక్క ముక్క ఆమెతోనే సూపియ్యుండ్రి, ఆమె చేతితోనే చీటీలు మార్పియ్యుండ్రి, ఇంకెవ్వల చెయ్యి తగలొద్దు. మళ్లొకసారి మిషన్ల చదివియ్యుండ్రి. ఓడోళ్లకు జాబు రాయుండ్రి, తప్పు ఆమెది కాదని. గా జాబుల తప్పు ఎవనిదో పేరుతోని రాయుండ్రి. వెంకటనర్సయ్య. రేపు గిట్ల అంటే ఒప్పుకోను, ఇయ్యాల్నే రాయుండ్రి, ఆమె ముంగట్నే రాయుండ్రి. ఆమె చదివి సరే అనేదాకా నేను ఈ రూములకెళ్లి కదల."